సిండ్రెల్లాని కాన్సస్ తీసుకెళ్తున్నాను, గాజు చెప్పుని ఏం చెయ్యమంటారు?

మల్లెమొగ్గ · శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయే రకాన్ని. ఇవాళ ఇరుక్కుని వచ్చాను.

ఇంగ్లీషులో స్వీట్ హిస్టారికల్ వెస్టర్న్ అని ఒక రకం ప్రేమకథలుంటాయి. గుర్రాలు, దుమ్ము, రైలు, ఊరి చివర చెక్క చర్చి. అబ్బాయి అమ్మాయి చెయ్యి పట్టుకోవడానికే సగం పుస్తకం అయిపోతుంది. పడగ్గది తలుపు పాఠకులకి తెరుచుకోదు. వాటిల్లో పాత రాకుమారి కథల్ని తీసుకెళ్ళి అమెరికా పడమటి ఊళ్ళలో నాటేవి నాకు మరీ ఇష్టం. అలాంటిది తెలుగులో ఒకటి రాద్దామని కూర్చున్నాను.

నా సిండ్రెల్లా పేరు సారా. 1884, కాన్సస్‌లో డాడ్జ్ సిటీ. నాన్న పోయాడు. సవతి తల్లి బోర్డింగ్ హౌస్ నడుపుతుంది, ఈ పిల్ల చేత అంట్లు తోమిస్తుంది. ఇద్దరు అక్కలు. రాకుమారుడు లేకిన్ అనే పక్క ఊరి దగ్గర పశువుల రాంచ్ ఉన్న కుర్రాడు. డ్యాన్సు, అర్ధరాత్రి, పరుగు, అన్నీ కుదిరాయి. చెప్పు దగ్గర ఆగిపోయాను. ఆవులు తొక్కిన వీధిలో గాజు చెప్పేమిటండీ! పన్నెండింటికి పరిగెత్తడానికి కారణమూ దొరకడం లేదు. గుమ్మడికాయ బండి ఎలాగూ తీసేశాను.

పకోడీపొట్లం · 9:20

బూటు పెట్టెయ్యి అక్కా. కౌబాయ్ బూటు. అయిపోయింది.

మల్లెమొగ్గ · 9:23

అదే పెట్టాను తమ్ముడూ. రాసి చదువుకుంటే సినిమా పోస్టర్‌లా ఉంది, నాకే నమ్మకం కలగలేదు.

కథలపెద్దమ్మ · 9:51

గాజు దగ్గరే మొదలుపెడదాం. గాజు చెప్పు ఫ్రాన్సులో 1697లో పెరో అనే రచయిత అచ్చు వేయించిన కథలోది. గ్రిమ్ సోదరుల జర్మన్ కథలోకి వస్తే గాజూ లేదు, మంత్రగత్తె అమ్మమ్మా లేదు. తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు, దాని మీద వాలే పక్షి. పెరో కన్నా ఎనిమిది వందల ఏళ్ళ ముందే చైనాలో యె షియెన్ అనే పిల్ల కథ రాసిపెట్టారు. అందులో సాయం చేసేది చేప ఎముకలు, జారిపోయేది బంగారు చెప్పు. అంటే చెప్పు దేనితో చేశారన్నది ఎప్పుడూ ముఖ్యం కాదు. "ఇది ఈమెకి తప్ప ఇంకొకరికి సరిపోదు" అన్న మాటే ముఖ్యం.

కాబట్టి మల్లెమొగ్గా, నువ్వు వెతకాల్సింది చెప్పుని కాదు. సారాకి తప్ప ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేనిదేదో చూడు.

ఇంకో సంగతి. మంత్రగత్తె అమ్మమ్మకి నువ్వు బెంగ పెట్టుకోకు. మన కథల్లో రాకుమారుడు ఏ ఊరికెళ్ళినా పేదరాశి పెద్దమ్మ ఇంట్లోనే దిగుతాడు. ఆవిడకి మంత్రాలేం రావు. ఇంత అన్నం పెడుతుంది, ఊళ్ళో సంగతులు చెబుతుంది, అంతే. పడమటి కథకి అలాంటి మనిషి చాలు.

చెప్పులషాపు బాబాయ్ · 10:15

మాది గుంటూరులో చెప్పుల షాపు, 31 ఏళ్ళుగా. నా దగ్గర సిండ్రెల్లా కథ నడవదమ్మా. అయిదో నంబరు ఆడవాళ్ళు రోజుకి పదిమంది వస్తారు. ఒక్క చెప్పు పట్టుకుని పెళ్ళికూతుర్ని వెతికితే రాకుమారుడికి సాయంత్రానికి నలభైమంది భార్యలు తేలతారు.

పాతకాలంలో ఇంకా కష్టం. 1850ల దాకా అమెరికాలో చాలా చెప్పులు కుడి ఎడమ తేడా లేకుండా ఒకే చెక్క అచ్చు మీద కుట్టేవాళ్ళు. తొడిగి తొడిగి ఎవరి కాలికి వాళ్ళు అలవాటు చేసుకోవాల్సిందే. నీ 1884 నాటికి మారిపోయింది గానీ, చవక రకాలు ఇంకా వచ్చేవి.

అయితే ఒకటి చదివాను, పనికొస్తుందేమో చూడు. 1879లో హెచ్.జె. జస్టిన్ అనే ఆయన టెక్సాస్‌లో స్పానిష్ ఫోర్ట్ అనే ఊళ్ళో బూట్ల కొట్టు పెట్టాడు. పశువుల్ని ఉత్తరానికి, అంటే నీ కాన్సస్‌కి, తోలుకెళ్ళే దారి అది. కుర్రాళ్ళు వెళ్తూ కొలతలిచ్చి, పశువుల్ని అమ్ముకుని తిరిగొస్తూ బూట్లు తీసుకునేవాళ్ళట. తర్వాత కాలంలో పోస్టులో కొలతలు పంపే పద్ధతి కూడా పెట్టారు. కాగితం మీద కాలు పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీస్తారు చూడు, అలాగన్నమాట. చెప్పు కన్నా ఆ కాగితం గట్టి సాక్ష్యం. రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగా, మడమ దగ్గర ఎంత ఒంపు, పక్కన ఎముక ఎక్కడ పొడుచుకొచ్చింది, అన్నీ ఆ గీతలో ఉంటాయి. మా దగ్గరికి షుగరు పేషెంట్లు వస్తే ఇప్పటికీ అలాగే గీస్తాను. పేరు రాసుకోకపోయినా ఫలానా టీచరమ్మ కాలు అని కాగితం చూసి చెప్పగలను.

మల్లెమొగ్గ · 10:19

బాబాయ్, మీరు ముందే ఎందుకు దొరకలేదు నాకు!

అట్టముక్క · 10:40

కాస్త చేదు మాట చెప్తాను, ఏమీ అనుకోకండి.

స్వీటు స్వీటు అంటున్నారు. కాన్సస్ అన్న పేరే కాన్సా తెగవాళ్ళది. 1873లో వాళ్ళని ఆ రాష్ట్రంలోంచి ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకి, పంపేశారు. మీ కథకి పదకొండేళ్ళ ముందు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద అయిదేళ్ళు కాపురముంటే 160 ఎకరాలు దాదాపు ఉచితం అన్నారు. ఆ భూమి ఎవరిది? రైలు కంపెనీకి ఒక్క కాన్సస్‌లోనే 30 లక్షల ఎకరాల దాకా ముట్టింది. ఇవేవీ లేకుండా తెల్లటి చర్చి, తెల్లటి అమ్మాయి, తెల్లటి కుర్రాడు అని రాస్తే అది ప్రేమకథ కాదు, సున్నం కొట్టిన గోడ. కౌబాయ్‌లలో సుమారు నాలుగో వంతు నల్లవాళ్ళని చరిత్రకారులే అంటారు. నేను చదివిన పది పుస్తకాల్లో ఒక్కడూ కనపడలేదు.

పకోడీపొట్లం · 10:44

అన్నా, ఆవిడ చెప్పు గురించి అడిగింది 😅

అట్టముక్క · 10:46

తెలుసు తమ్ముడూ. చెప్పు కింద నేల కూడా ఉంటుంది కదా.

మల్లెమొగ్గ · 10:58

అట్టముక్క గారూ, మీరన్నది కాదనను. ప్రేమకథలో పాఠం చెప్పలేను, కానీ ఊరిని కడిగి తెల్లగా చెయ్యను. కాన్సస్‌లోనే 1877లో నల్లవాళ్ళు కట్టుకున్న నికోడెమస్ అనే ఊరుంది. పెద్దమ్మ గారు చెప్పిన పేదరాశి పెద్దమ్మని అక్కడి నుంచి డాడ్జ్‌కి వచ్చి లాండ్రీ పెట్టుకున్న మనిషిని చేద్దామనుకుంటున్నాను. పేరు రూత్. ఉతకడానికి వచ్చిన పట్టు గౌనొకటి సారాకి ఒక రాత్రికి ఇస్తుంది.

అట్టముక్క · 11:05

ఇంకా తప్పే. తెల్లపిల్ల పెళ్ళి కోసం నల్లావిడ ఊరికే సాయం చెయ్యడమా? పెద్దమ్మకి కడుపు లేదా, కష్టం లేదా? పట్టు గౌను చిరిగితే ఎవరు కట్టాలి?

మల్లెమొగ్గ · 11:09

సరే. అద్దెకిస్తుంది. డాలరున్నర. బూట్లకి వేరే.

అట్టముక్క · 11:10

ఇప్పుడు బాగుంది.

విచిత చిట్టి · శనివారం, ఉదయం 6:30

నేనుండేది కాన్సస్‌లో విచితలో, తొమ్మిదేళ్ళయింది. రాత్రి ఇదంతా చదువుతూ అన్నం మాడబెట్టాను.

డాడ్జ్ సిటీ మాకు రెండున్నర గంటల దారి. పడమటికి వెళ్తున్న కొద్దీ చెట్లు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. చివరికి గడ్డి, ఆకాశం, ఆ రెండింటినీ పట్టుకుని ఊపే గాలి. మొదటిసారి కారు తలుపు తీసినప్పుడు అది నా చేతిలోంచి లాక్కుపోయింది. మల్లెమొగ్గా, గాలిని రాయకుండా ఆ ఊరిని రాయకు. నీ సారా జడ వేసుకున్న పది నిమిషాలకే ఊడిపోతుంది.

చెట్లు లేవంటే కలప లేదని కూడా. ఊరి బయటివాళ్ళు గడ్డి వేళ్ళతో సహా నేలని ఇటుకల్లా కోసి గోడలు కట్టుకునేవాళ్ళు. వాన వెలిసినా ఇంట్లో మాత్రం రెండు రోజులు కురిసేది. పైనుంచి మట్టి, పాములు పడకుండా కప్పు కింద గుడ్డ కట్టేవాళ్ళు. ఇంక పొయ్యిలోకి ఎండిన బైసన్ పేడ, ఆవు పేడ. మ్యూజియంలో అది చదివి నేను పగలబడి నవ్వాను. పక్కనున్న అమెరికన్ ఆవిడ ముక్కు మూసుకుని "ఎలా వండేవాళ్ళో" అంది. మా నాయనమ్మ పిడకల మీద కాచిన పాల మీగడ గురించి ఆవిడకి పావుగంట చెప్పాను.

అసలు వచ్చిన పని చెప్పనే లేదు. నీ అర్ధరాత్రికి నా దగ్గర ఒక ముక్క ఉంది. కాన్సస్‌లో పడమటి చివర నాలుగు కౌంటీలు ఇప్పటికీ మౌంటెన్ టైమ్‌లో ఉన్నాయి. సిరక్యూస్ వైపు వెళ్తే ఫోను తనంతట తాను గంట వెనక్కి వెళ్ళిపోతుంది. పాతరోజుల్లో రెండు టైముల మధ్య గీత డాడ్జ్ సిటీ దగ్గరే ఉండేదట. రైలుబండి తాతగారు ఇక్కడే ఉన్నారు కదా, ఆయన్ని అడగండి.

రైలుబండి తాత · ఉదయం 8:05

పిలిచారా! కాఫీ తాగి వచ్చాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

1883 నవంబరు 18కి ముందు అమెరికాలో ఏ ఊరికి ఆ ఊరి సూర్యుడే. రైలు కంపెనీలు వాడే టైములే యాభైకి పైగా ఉండేవి. ఆ ఆదివారం నాడు కంపెనీలన్నీ కూడబలుక్కుని దేశాన్ని నాలుగు టైములుగా కోసేశాయి. ప్రభుత్వం చట్టం చేసింది 1918లో గానీ కాదు. అంటే మధ్యలో 35 ఏళ్ళు స్టేషను గడియారం ఒకటి చెప్పినా, ఊళ్ళో మొండివాడెవడైనా "నా సూర్యుడు నాకున్నాడు" అంటే అడిగేవాడు లేడు. మన దగ్గరా ఇదే బాగోతం. రైళ్ళు మద్రాసు టైముతో నడిచేవి, 1906 జనవరి 1 నుంచి ఇప్పటి టైము వచ్చింది. బొంబాయి వాళ్ళు ఆ తర్వాతా చాలా ఏళ్ళు తమ గడియారాన్ని వదల్లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. డాడ్జ్ సిటీ సరిగ్గా 100వ పడమటి రేఖాంశం మీద ఉంది. సెంట్రల్ టైము 90 మీద, మౌంటెన్ టైము 105 మీద కట్టారు. డిగ్రీకి నాలుగు నిమిషాలు. కాబట్టి తూర్పు నుంచి వచ్చే బండికి రాత్రి 12 అయినప్పుడు, ఊరి సూర్యుడి లెక్కన 11:20. పడమటికి వెళ్ళే బండికి 11. ఒకే ప్లాట్‌ఫారం మీద మూడు టైములు!

ఒక్క ఊళ్ళో మూడు అర్ధరాత్రులు దొరికాయి తల్లీ నీకు. పెరోకి కూడా ఒకటే దొరికింది.

కథలపెద్దమ్మ · 8:22

తాతగారూ, మీకు దండం. నాకు ఒళ్ళు జలదరించింది.

మల్లెమొగ్గ · 8:40

ఆఫీసుకి వెళ్ళాలి, కాళ్ళు కదలడం లేదు. అంటే డ్యాన్సు హాలు యజమాని సూర్యుడి టైము మొండివాడు అనుకుందాం. హాల్లో గడియారం 11:20 చూపిస్తుంటే సారా ఇంకా నలభై నిమిషాలుందని తిరుగుతూ ఉంటుంది. కానీ ఆమె పన్నెండింటికి ఎందుకు వెళ్ళాలి? సవతి తల్లి తలుపేస్తుందని రాస్తే చప్పగా ఉంది. రైల్వే హోటళ్ళలో వడ్డించే ఉద్యోగం ఇద్దామని కూడా చూశాను. ఫ్రెడ్ హార్వీ హోటళ్ళలో 1883 నుంచి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు, హాస్టలు, వార్డెనమ్మ, రాత్రి పదింటికల్లా లోపలుండాలి. కానీ డాడ్జ్‌లో వాళ్ళ పెద్ద హోటలు, స్టేషను భవనం 1890ల చివర్లో గానీ రాలేదు. 1885లో టెక్సాస్ నుంచి వచ్చే పశువుల్ని కాన్సస్ ఆపేసింది. కౌబాయ్ కావాలంటే హోటలు లేదు, హోటలు కావాలంటే కౌబాయ్ లేడు.

రైలుబండి తాత · 9:30

వడ్డన ఎందుకమ్మా, తంతి ఉద్యోగం ఇవ్వు. ఆ రోజుల్లో అమెరికా రైల్వేలో టెలిగ్రాఫ్ ఆపరేటర్లుగా ఆడపిల్లలు బోలెడుమంది. పగలు సవతి తల్లి దగ్గర అంట్లు, రాత్రి 12 నుంచి స్టేషన్‌లో కీ, అంటే తంతి కొట్టే మీట. జీతం సవతి తల్లి లాక్కుంటుంది.

ఇంక పన్నెండు అంటే అలాంటిలాంటి పన్నెండు కాదు. ఒంటి లైను మీద ఎదురెదురు బళ్ళు. ఏ బండి ఎక్కడ ఆగాలో తంతి మీద ఆర్డరు వస్తుంది. దాన్ని పల్చటి కాగితం మీద రాసి డ్రైవరుకి అందించాలి. కుర్చీలో మనిషి లేకపోతే రెండు బళ్ళు ఒకదాని నోట్లో ఒకటి దూరతాయి. అర్ధరాత్రి దాటితే గౌను గోనెపట్టా అవుతుందనేది పిల్లల భయం. ఇది పెద్దల భయం.

చెప్పు సంగతి కూడా చెప్తాను. ఎవ్వరూ నవ్వకండి.

1976లో నాకు ఇరవై మూడేళ్ళు. రాయలసీమలో ఒక చిన్న స్టేషన్‌లో వేశారు. చుట్టూ కంప, వేరుశనగ చేలు. పక్క స్టేషన్‌తో మాట మోర్స్‌లోనే, అంటే చుక్కలు, గీతలుగా కొట్టే తంతి భాషలో. ఆ చప్పుడు వినిపించే సౌండరు సన్నగా మోగుతుందని వెనకాల ఖాళీ సిగరెట్ డబ్బా దోపేవాళ్ళం, అప్పుడు టకటకమని గది నిండేది. పక్క స్టేషన్‌లో ఉన్నాయన్ని నేను రెండేళ్ళు చూడలేదు. ఆయన ఎస్ అక్షరం కొడితే మూడు చుక్కల్లో మూడోది వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. మెట్టు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర ఆగుతాం చూడండి, అలాగ. ఒకరోజు చుక్కలన్నీ సమానంగా వచ్చాయి. "ఎవరు మీరు, ఆయనకేమైంది" అని అడిగాను. ఆయనకి జ్వరం, వేరే ఆయన డ్యూటీలో ఉన్నాడు. తర్వాత ఒక పెళ్ళిలో పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. ఎవరో తెలియదు. ఆయన ఊరికే విస్తరి పక్కన వేలితో కొట్టుకుంటున్నాడు. మూడో చుక్క ఆగింది. నేను చెయ్యి కడుక్కోకుండానే కావలించుకున్నాను.

అమెరికావాళ్ళూ అంతే. మనిషిని కీ మీద చెయ్యిని బట్టి పోల్చేవాళ్ళు. పేర్లు పూర్తిగా కొట్టేవాళ్ళు కాదు, ఒకటి రెండక్షరాల గుర్తు ఉండేది ఒక్కొక్కరికి. అవతల ఉన్నది ఆడో మగో తెలియకుండానే స్నేహాలు అయ్యేవి. చెప్పు నలభైమందికి పడుతుందన్నాడు బాబాయ్. చెయ్యి ఒక్కరికే పడుతుంది.

చెప్పులషాపు బాబాయ్ · 9:44

ఒప్పుకుంటున్నా. నా కాగితం ఓడిపోయింది.

పకోడీపొట్లం · 9:45

తాతగారూ, నేను బస్సులో ఏడుస్తున్నా. పక్కాయన చూస్తున్నాడు.

కథలపెద్దమ్మ · 10:30

గ్రిమ్ కథలో ఒక ముక్క గుర్తొచ్చింది. అక్కలు వేలు నరుక్కుని ఒకతె, మడమ చెక్కుకుని ఒకతె చెప్పులో కాలు దూరుస్తారు. చెప్పు సరిపోతుంది! రాకుమారుడు మోసపోయి గుర్రం ఎక్కించుకుంటాడు కూడా. అప్పుడు చెట్టు మీద పావురాలు రెండు చెప్తాయి, చెప్పులో నెత్తురుంది, ఈమె కాదు అని. అంటే గ్రిమ్‌లో కూడా నిజం తేల్చింది చెప్పు కాదు, చప్పుడు. చెప్పు అబద్ధమాడింది. చెవికి వినపడ్డది నిజం చెప్పింది.

తంతి తీగల మీద కూర్చునేవి కూడా పావురాలే కదా. ఇంక నేనేం చెప్పను!

అట్టముక్క · 10:41

ఒక చిల్లు. రాకుమారుడు కూడా ఆపరేటరే అయితేనే కీ మీద చెయ్యి తెలుస్తుంది. మరి రాంచ్ ఎలా వచ్చింది? గుర్రం ఎక్కడ?

మల్లెమొగ్గ · మధ్యాహ్నం 1:15

లంచ్‌లో దొంగతనంగా రాస్తున్నా. టామ్ లేకిన్ స్టేషన్‌లో రాత్రి ఆపరేటరు. ఎనిమిది నెలలుగా డాడ్జ్‌లో ఎస్ అనే గుర్తున్న మనిషితో తంతి మీద మాట్లాడుతున్నాడు. మామయ్య పోయి రాంచ్ ఇతనికి రావడం మొన్న మొన్ననే. గుర్రం కూడా మామయ్యదే, ఇతని మాట వినదు.

డ్యాన్సు రోజు కూడా దొరికింది. 1884 జులై 4. ఆ రోజు డాడ్జ్‌లో నిజంగానే ఎద్దులతో పోరు పెట్టారు, స్పెయిన్‌లో చేసినట్టు. అమెరికాలో అదే మొదటిదంటారు. ఊరంతా జనం. ఆ హడావిడిలో ఎవరు ఎవరితో ఆడారో ఎవరికి తెలుస్తుంది!

విచిత చిట్టి · 7:10

జులైలో అక్కడ పొద్దుపోయినా సెగ తగ్గదు. పట్టు గౌనులో చెమట రాయి. రూత్ అందుకు కూడా డబ్బులడగాలి.

రైలుబండి తాత · 7:25

రాసేటప్పుడు ఒకటి చూసుకో. అమెరికా రైళ్ళవాళ్ళు వాడిన మోర్స్ వేరు. ఎల్ అంటే మనకి చుక్క, గీత, రెండు చుక్కలు. వాళ్ళకి ఒకే ఒక పొడుగు గీత. ఎస్ మాత్రం ఇక్కడా అక్కడా మూడు చుక్కలే. ఎస్ పెట్టావు, బతికిపోయావు.

పకోడీపొట్లం · ఆదివారం, ఉదయం 11:02

అక్కా ఏమైంది? రాశావా? అట్టముక్క అన్న కూడా పొద్దున్నుంచి రిఫ్రెష్ కొడుతున్నాడు.

అట్టముక్క · 11:03

నేనేం కొట్టట్లేదు.

మల్లెమొగ్గ · మధ్యాహ్నం 3:48

చివరి ఘట్టం చిత్తుప్రతి. తిట్టండి, పడతాను.

*

పెద్దక్క కాలు బూటులో సాఫీగా దిగింది. సవతి తల్లి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "చూశారా, మా మార్తాదే!"

టామ్ బూటు వైపు చూశాడు. మడమ దగ్గర మట్టి ఇంకా రాలలేదు. సరిపోయింది, సందేహం లేదు. ఆ రాత్రి తనతో ఆడినామెకి ఇలాగే నల్లటి జుట్టుండేది, దీపాల వెలుగులో అంతకన్నా ఏం చూశాడు తను? రైలు కూత వినపడగానే ఆమె మొహం తెల్లబోయింది. గడియారం 11:20 అంటుంటే ఆమె మాత్రం "పన్నెండు, పన్నెండు" అంటూ పరిగెత్తింది. ఈ ఊళ్ళో 11:20ని పన్నెండు అని ఎవరంటారు?

రైలువాళ్ళంటారు.

ఈ మాట అతనికి అయిదు రోజులుగా తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

మార్తా చిరునవ్వుతో ఎదురుచూస్తోంది. టామ్ బల్ల మీద ఉన్న చెంచా తీసుకుని, పింగాణీ కప్పు అంచు మీద మెల్లగా కొట్టాడు. లేకిన్ నుంచి ప్రతి రాత్రీ తను మొదట కొట్టే పిలుపు.

"టీ కావాలా మీకు?" అంది మార్తా.

జవాబు రాలేదు. గాలి కిటికీ రెక్కని ఒకసారి కొట్టి వదిలేసింది. టామ్ చెంచా కింద పెట్టబోయాడు.

వంటింట్లో పెనం మీద గరిటె పడింది. టక్. టక్.

ఒక ఊపిరంత ఆగి, టక్.

*

కథలపెద్దమ్మ · 4:01

ఇక్కడే ఆపెయ్. పెళ్ళి రాయకు.

రైలుబండి తాత · 4:09

గరిటెతో గీత కొట్టడం కష్టమని చెబుదామని కూర్చున్నాను. ఎస్‌లో గీతలే లేవు కదా అని ఊరుకున్నాను. మా ఆవిడ చేత కూడా చదివించాను. చదివి వంటింట్లోకి వెళ్ళి పెనం మీద రెండు కొట్టింది. మూడోది కొట్టలేదు, పోట్లాటలో ఉన్నాం.

విచిత చిట్టి · 4:15

కిటికీ రెక్క దగ్గర గాలి పెట్టినందుకు థాంక్యూ రా.

అట్టముక్క · 4:30

బాగుంది. రూత్ ఈ ఘట్టంలో లేదు. గౌను ఏమైంది?

చెప్పులషాపు బాబాయ్ · 4:52

అంతా బాగానే ఉందమ్మా. ఇంతకీ ఆ బూటు ఎడమదా, కుడిదా?

మల్లెమొగ్గ · 4:58

ఎడమది బాబాయ్. కుడిది సారా రెండో రోజే రూత్‌కి గౌనుతో సహా తిరిగిచ్చేసింది. ఒంటి బూటు తీసుకోనంది ఆవిడ. అయిదు రోజుల అద్దె బాకీ నడుస్తోంది, టామ్ కట్టాలి.

అట్టముక్క · 5:00

వడ్డీతో.